కొద్దినీటితో కనువిందైన యింటితోట

ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని మనవారి సామెత. పెరటిని చూచి ఆ యింటివారి నీటి వాడుకను తెలిసికొనవచ్చునని దానికి మఱియొక మాట చేర్చవచ్చును. తోట యనగానే విశాలమైన పచ్చికబయలు, దానిపై నీళ్లు చిమ్ము గొట్టము, కుండీలలో ఎల్లప్పుడు దాహముతో నుండు పరదేశపు మొక్కలు మన కన్నులకు గట్టును. ఇట్టి తోట చల్లని దేశములలో పుట్టినది. అచ్చట వేసవియందును వాన కురియుచుండును. వేడి ప్రదేశమున ఆ తోటను నిలుపవలెనన్న ఆ వానకు బదులుగా మనము గొట్టపునీరు పోయవలసి వచ్చును. ఆ నీరు వేసవిలో మఱియొకరి బిందెకు చేరవలసిన నీరు. కావున తక్కువ నీటితో అందమైన తోటను పెంచు విధమును తెలిసికొనుట వినోదమాత్రము గాదు; పౌరధర్మము గూడ. విశాఖపట్టణమునకు తగిన తోట యెట్టిదో, దాని వెనుకనున్న ప్రకృతిశాస్త్ర విషయములెట్టివో ఈ వ్యాసమున క్రమముగా విచారింతము.

1. మన వాన, మన యెండ

విశాఖపట్టణము ఎడారి కాదు. ఇచ్చట ఏటికి ఇంచుమించు 1000 మిల్లీమీటర్ల వాన కురియును. లండను నగరమున కురియునది సుమారు 600 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను అచ్చటి పచ్చిక పచ్చగా నుండును, మన పచ్చిక వైశాఖమాసమున మాడిపోవును. దీనికి కారణములు మూడు.

మొదటిది, వాన కురియు కాలము. లండనులో వాన యేడాది పొడవున కొద్దికొద్దిగా పడును. మనకు జూను మొదలు నవంబరు వఱకు నైరృతి, ఈశాన్య ఋతుపవనములవలన పడును. అందును అక్టోబరు మాసమున వాయుగుండములు వచ్చినపుడు కుండపోతగా కురియును. డిసెంబరు మొదలు మే వఱకు గల ఆఱు మాసములలో పడు వాన మిక్కిలి స్వల్పము. రెండవది, ఎండయొక్క తీవ్రత. వేసవిలో నేలనుండియు ఆకులనుండియు ఆవిరియై పోవు నీరు చల్లని దేశములలో కంటె మనకు మిక్కిలి యెక్కువ. మూడవది, వాన పడు తీరు. ఒక్క పూటలో 50 మిల్లీమీటర్ల వాన కురిసినపుడు నేల దానిని త్రాగలేదు. నీరు వాలు వెంబడి గెడ్డలలోనికిని, గెడ్డలనుండి సముద్రములోనికిని పాఱిపోవును.

అనగా మనకు వాన కొఱత కంటె, వానను నిలువజేసికొను నేర్పునందలి కొఱతయే యెక్కువ. తోట వేయువాడు మొదట గ్రహింపవలసిన సంగతి యిదియే.

2. గొట్టపునీరు ఎచ్చటనుండి వచ్చుచున్నది?

1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో విశాఖపట్టణపు ప్రజలు 40,892 మంది. 1933లో రేవు తెఱవబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. 1992లో అది జాతికి అంకితము చేయబడెను. 2011 నాటి లెక్కలలో నగరపు ప్రజలు 17 లక్షలకు పైబడిరి. ఊరు పెరిగినకొలది నీటికొఱకు దూరదూరములకు పోవలసి వచ్చినది. కొండల నడుమనున్న ముడసర్లోవ జలాశయము పట్టణమునకు ఆనుకొనియే యున్నది. అది చాలకపోగా మేఘాద్రిగెడ్డనుండియు, 1963-68 సంవత్సరములలో గోస్తనీ నదిపై కట్టిన తాటిపూడి జలాశయమునుండియు, శారదా నదిపై గల రైవాడనుండియు నీరు తెచ్చుకొనుచున్నాము. ఏలేరు నీరు ఇంచుమించు 150 కిలోమీటర్ల కాలువవెంట ఉక్కు కర్మాగారము వఱకు వచ్చుచున్నది. ఈ జలాశయములన్నియు వానపైననే ఆధారపడినవి. ఒక్కయేడు వాన తప్పినచో వేసవిలో వీథులయందు బిందెలు బారులు తీరును.

ఇక నూతినీటి సంగతి. సముద్రతీరమున నేలక్రింద మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. ఏలయన మంచినీరు తేలికయైనది. మంచినీటి మట్టము సముద్రమట్టముకంటె ఒక అడుగు ఎత్తున నున్నచో, దానిక్రింద సుమారు 40 అడుగుల లోతువఱకు మంచినీరు నిలిచియుండునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. దీనినిబట్టియే, పై మట్టము ఒక్క అడుగు తగ్గిన యెడల క్రింది ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులు పైకెక్కునని యర్థము. తీరమున గొట్టపుబావులతో విచ్చలవిడిగా నీరు తోడినచో నూతులు ఉప్పనగుటకు ఇదియే కారణము. ఉప్పనైన నుయ్యి మరల తియ్యనగుటకు ఎన్నియో వానకాలములు పట్టును.

3. ఒక చిన్న లెక్క

అయిదు సెంట్ల స్థలమును తీసికొందము. సెంటు సుమారు 40 చదరపు మీటర్లు గనుక మొత్తము 200 చదరపు మీటర్లు. అందు సగము ఇల్లు. తక్కిన 100 చదరపు మీటర్లు తోట. ఈ తోటనంతయు పచ్చికతో నింపితిమనుకొనుడు. వేసవిలో ఒక్కొక్క చదరపు మీటరునకు దినమునకు 5 లీటర్ల నీరైనను కావలయును. అనగా దినమునకు 500 లీటర్లు. మన దేశమున నగరవాసికి దినమునకు 135 లీటర్ల నీరు ఇయ్యవలెనని ప్రమాణము. ఆ లెక్కను ఒక్క పచ్చికబయలు ఇంచుమించు నలుగురు మనుష్యుల నీటిని త్రాగుచున్నది! ఫిబ్రవరి మొదలు మే వఱకు గల 120 దినములకు 60,000 లీటర్లు. ఆ పచ్చిక పూవు పూయదు, కాయ కాయదు, నీడ నీయదు.

ఇక ఆ యింటి కప్పును చూడుడు. 100 చదరపు మీటర్ల కప్పుపై ఏటికి 1000 మిల్లీమీటర్ల వాన పడినచో అది 1,00,000 లీటర్లు. అందు అయిదింట నొకవంతు తడికిని, ఆవిరికిని, చెదరుటకును పోయినను 80,000 లీటర్లు మిగులును. తోటకు వలసిన నీరు మన నెత్తిపైననే పడుచున్నది. మనము దానిని వీథికాలువలోనికి సాగనంపుచున్నాము. ఆంధ్రప్రదేశ జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము 2002లో వచ్చినది. వాననీటిని నిలుపు ఏర్పాటులు కట్టడములయందు ఉండవలెనను నియమములు అందున్నవి. చట్టమునకు భయపడి కాక, ఈ లెక్కను తెలిసికొని చేయుట మేలు.

4. మొక్కలు నీటిని కాచుకొను విధములు

ఆకులయందు కంటికి కనబడని సూక్ష్మరంధ్రములు కలవు. వీనిని పత్రరంధ్రములందురు. వీనిగుండా మొక్క గాలిని గ్రహించును. ఆ సమయముననే నీటిని ఆవిరిగా కోల్పోవును. నీరు తక్కువయైన చోట్ల పెరుగు మొక్కలు ఈ నష్టమును తగ్గించుకొనుటకు పలు నేర్పులు అలవరచుకొన్నవి. మన పెరటిలోనే వీనిని చూడవచ్చును.

గన్నేరాకును త్రిప్పి భూతద్దముతో చూచినచో అడుగున చిన్న చిన్న గుంటలును, వానియందు సన్నని నూగును కనబడును. పత్రరంధ్రములు ఆ గుంటలలో దాగియుండును. వేడిగాలి వానిని నేరుగా తాకదు. జిల్లేడు ఆకుపైనున్న తెల్లని పూత మైనమువలె పనిచేసి నీటిని లోపల నిలుపును. మునగ, తంగేడు, తుమ్మ మొదలగువాని ఆకులు చిన్న చిన్న రేకులుగా చీలియుండుటచేత ఎండకు త్వరగా వేడెక్కవు. సముద్రపుటొడ్డున పెంచు సరుగుడు చెట్టునకు ఆకులవలె కనబడు సూదులు నిజముగా సన్నని కొమ్మలే. అసలు ఆకులు ఆ కొమ్మల కణుపులవద్ద పొలుసులుగా మాత్రమే యుండును. కలబంద, నాగజెముడు దళసరి ఆకులలోను కాండములలోను నీరు నిలువచేసికొనును. అంతేగాక పగలు పత్రరంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన తరువాత తెఱచి గాలి పీల్చుకొనును. వేప, రేగు మొదలగునవి వేళ్లను లోతునకు పంపి అడుగు తేమను తెచ్చుకొనును. గరికకు మఱియొక ఉపాయము కలదు. నీరులేనపుడు అది పైన ఎండిపోయినట్లు కనబడును. భూమిలోని కాండము బ్రదికియే యుండి, తొలకరి పడగానే చిగిర్చును.

కావున ఒక మొక్కను తోటకు ఎన్నుకొనునపుడు దాని పూవును మాత్రమే చూడరాదు. ఆకును, వేరును గూడ చూడవలెను.

5. నేలను సిద్ధపఱచుట

విశాఖపట్టణపు కొండలు ఖొండలైటు అను రాతితో నేర్పడినవి. ఆ రాయి చివికి యేర్పడిన ఎఱ్ఱనేల నీటిని త్వరగా పీల్చును, త్వరగానే జాఱవిడుచును. తీరమునకు దగ్గఱ నేల ఇసుకయే. ఒక పరీక్ష చేయుడు. అడుగు లోతు, అడుగు వెడల్పు గల గుంట త్రవ్వి నీరు నింపి, ఇంకిన పిమ్మట మరల నింపి, రెండవసారి ఎంతసేపటికి ఇంకునో చూడుడు. నిమిషములలో ఇంకిపోయిన యెడల ఆ నేలకు నీటిని పట్టి యుంచు శక్తి చాలదు. పూటయంతయు నిలిచియుండిన యెడల నీరుపోవు దారి చేయవలెను. లేనిచో వానకాలమున వేళ్లు కుళ్లును.

తేలికనేలను బాగుచేయుటకు బాగుగా చివికిన పశువులయెరువు, ఆకులకుళ్లు, కొబ్బరిపీచు పొట్టు, చెఱువుమన్ను మిక్కిలి యుపయోగించును. వేసవిలో ఎండిన చెఱువుల వండ్రుమన్నును బండ్లపై తోలి పొలములకు చల్లుట మన రైతుల పాతపద్ధతి. దానియందు నీటిని పట్టు బంకయు, మొక్కకు ఆహారమును రెండును కలవు. ఉప్పు తగిలిన నేలలో ముందుగా జీలుగు చల్లి, పూతకు రాకమునుపే దున్నివేసిన నేల కొంత కుదుటపడును.

నేల పైభాగమును ఎన్నడును బోడిగా విడువరాదు. ఎండుటాకులు, ఎండుగడ్డి, కొబ్బరిపీచు మొదలగువానిని రెండు మూడు అంగుళముల మందమున మొక్కలచుట్టును పఱచవలెను. కాండమునకు మాత్రము తగులకుండ నాలుగంగుళములు ఎడముంచవలెను. లేనిచో మొదలు కుళ్లును. ఈ కప్పు ఎండను ఆపును, కలుపును అణచును, కుండపోత వానలో మన్ను కొట్టుకొనిపోకుండ కాచును. మన్ను కొట్టుకొనిపోవుట యనగా నేమో చూడగోరువారు భీమునిపట్టణపు దారిలోనున్న ఎఱ్ఱమట్టిదిబ్బలను చూడవలెను. కట్టుగా లేని ఎఱ్ఱనిసుకను వాననీరు ఎట్లు లోయలుగా కోసివేయునో అచ్చట కనబడును. అది ప్రకృతి వింత, చూచుటకు అందమే. కాని ఆ వింత మన పెరటిలో జరుగరాదు. కొండవాలున ఇల్లు గలవారు వాలునకు అడ్డముగా రాతివరుసలు పేర్చి, వాని పైవైపున మొక్కలు నాటవలెను.

6. తోటను మూడు మడులుగా విభజించుట

తక్కువ నీటి తోటకు ప్రాణమువంటి సూత్రమొకటి కలదు: సమానమైన దాహము గల మొక్కలను ఒక్కచోట నాటవలెను. గులాబి ప్రక్కన కలబందను నాటినచో, గులాబికి చాలినంత పోయగా కలబంద కుళ్లును. కలబందకు తగినట్లు పోయగా గులాబి యెండును. అందుచేత తోటను మూడు మడులుగా విభజింపవలెను.

మొదటి మడి వంటింటి ప్రక్కన, నూతిగట్టు దగ్గఱ నుండవలెను. దీనికి ప్రతిదినము నీరు కావలయును. అరటి, చేమ, బచ్చలి, తోటకూర, గోంగూర, పుదీన, తులసి దీనిలోనివి. మన పూర్వులు ఇంటి వాడుకనీటిని అరటిపాదునకు మళ్లించుట ఈ విధానమే.

రెండవ మడి ఇంటి ముంగిట, కన్నులకు ఎదురుగా నుండవలెను. దీనికి వారమునకు రెండుమారులు నీరు చాలును. మల్లె, విరజాజి, మందారము, నందివర్ధనము, నూరువరహాలు, కనకాంబరము, చేమంతి, కరివేప దీనిలోనివి.

మూడవ మడి ప్రహరీగోడల వెంబడిని, తోట చివరను ఉండవలెను. మొదటి రెండేండ్లు కాపాడిన తరువాత దీనికి నీరు దాదాపు అక్కఱలేదు. కాగితపుపూల తీగ, గన్నేరు, బిళ్లగన్నేరు, తంగేడు, డిసెంబరుపూలు, కలబంద, సీతాఫలము, ఉసిరి, మునగ, వేప, కానుగ మొదలగునవి యిచ్చట నాటవచ్చును.

వెనుక చెప్పిన 100 చదరపు మీటర్ల తోటలో మొదటి మడికి 15, రెండవదానికి 25, మూడవదానికి 40, నడకదారులకు 20 చదరపు మీటర్లు కేటాయింతము. మొదటి మడికి దినమునకు చదరపు మీటరునకు 5 లీటర్ల చొప్పున 75 లీటర్లు. రెండవదానికి వారమునకు రెండుమారులు 10 లీటర్ల చొప్పున వారమునకు 500, అనగా దినమునకు సుమారు 71 లీటర్లు. మొత్తము 146 లీటర్లు. పచ్చికకు కావలసిన 500 లీటర్లలో ఇది మూడవవంతైనను కాదు. అందును మొదటి మడి 75 లీటర్లు బియ్యము, కూరలు కడిగిన నీటితోను, స్నానపు నీటితోను తీరును. అది అయిదాఱు బిందెలు మాత్రమే. ఇక క్రొత్తగా తేవలసినది దినమునకు 71 లీటర్లు.

పిల్లలు ఆడుకొనుటకు పచ్చిక కావలెనన్నచో నీడ తగులు చోట చిన్న చాపంత గరికను పెంచవచ్చును. అది వేసవిలో పండుబాఱిన కంగారుపడవలసిన పనిలేదు. వానతో మరల లేచును.

7. అందమును కూర్చుట

నీరు తక్కువగా నున్న తోట బోసిగా నుండునని కొందఱనుకొందురు. అందము నీటి కొలతనుబట్టి రాదు, కూర్పునుబట్టి వచ్చును. కూర్పునందు నాలుగు సంగతులు ముఖ్యమైనవి.

ఒకటి, ఎత్తు. వెనుక చెట్టు, దాని ముందు గుబురుమొక్క, దాని ముందు నేలను ప్రాకునది ఈ వరుసలో నాటినచో చిన్న స్థలమును లోతుగా కనబడును. రెండు, గుంపు. పదిరకముల మొక్కలను ఒక్కొక్కటిగా నాటుటకంటె, ఒక్కరకమునే అయిదాఱు కలిపి నాటిన కంటికి నిండుగా నుండును. బిళ్లగన్నేరు గుంపుగా నాటిచూడుడు. ఉప్పుగాలికిని ఇసుకనేలకును వెఱవక యేడాది పొడవున పూయును. మూడు, ఆకుల రంగు. పూవులు కొన్నిదినములే యుండును, ఆకులు ఎప్పుడును ఉండును. పొగడయొక్క ముదురు పచ్చదనము, కలబందయొక్క బూడిద పచ్చదనము, ఉసిరియొక్క లేతపచ్చదనము ప్రక్కప్రక్కన నున్నపుడు పూవులు లేకున్నను కనువిందగును. నాలుగు, ఖాళీస్థలము. ఊడ్చి నీళ్లు చిలికి ముగ్గుపెట్టిన ముంగిలి యే పచ్చికకును తీసిపోదు. ఖాళీ నేలయు తోటలోని భాగమే యని మన ఇండ్లు ఏనాడో తెలిసికొన్నవి.

ఋతువులనుబట్టి పూవులను ఎన్నుకొనుట మఱియొక నేర్పు. వేసవి వచ్చినచో మల్లెలు, కాగితపుపూలు, రేలచెట్టు పసుపుపచ్చని గుత్తులు. వానకాలము చివర పారిజాతములు. చలికాలమున చేమంతులు, బంతులు, డిసెంబరుపూలు. కనకాంబరము దాదాపు ఏడాదియంతయు పూయును. ఇంటికి కొంచెము దూరముగా స్థలమున్నవారు పొగడను నాటుకొనవచ్చును. రాలిన పూవుల వాసన ఎండిన తరువాతను నిలుచును. సింహాచలపు సంపెంగలు ప్రసిద్ధములే గాని, సంపెంగ కొండనీడను, తేమను కోరు చెట్టు. ఎండకు మాడు ఇసుకస్థలమున నాటి గొట్టపునీటితో బ్రదికింపజూచుట దానికిని మనకును శ్రమయే.

సముద్రమునకు ఎదురుగా నున్న ఇండ్లవారు గాలివైపున పొన్న, కానుగ, గన్నేరు మొదలగు గట్టిమొక్కలను అడ్డుగా నాటి, వాని చాటున సుకుమారమైన వానిని పెంచవలెను. ఉప్పుతుంపర లేతాకులను మాడ్చును. రేవునకును కర్మాగారములకును దగ్గఱనున్నవారి యాకులపై ధూళి పేరుకొనును; అట్టివారు పది దినములకొకసారి ఆకులను చిలికిన నీటితో కడిగినచో మొక్క తెఱపిగా గాలి పీల్చును. గన్నేరు అన్ని భాగములును విషము. జిల్లేడుపాలు కంటికి హాని. పసిపిల్లలును పశువులును తిరుగు చోట వీనిని నాటరాదు.

8. నీరు పోయు విధము

ప్రతిదినము పైపైన చిలికిన నీరు నేల పైపొరలోనే నిలిచి ఆవిరియగును. వేళ్లు ఆ తేమకై పైకే వచ్చును. ఒక్క దినము నీరు తప్పిన మొక్క వాడును. దీనికి మాఱుగా, వారమునకు ఒకటి రెండుమారులు అడుగులోతు తడియునట్లు పాదు నిండ పోసినచో వేళ్లు లోతునకు పోవును. నీరు పోయుటకు వేకువజాము మేలు. మిట్టమధ్యాహ్నము పోసిన నీటిలో పెద్దభాగము సూర్యునికే సమర్పణ.

క్రొత్త మొక్కలకు కుండపద్ధతి మిక్కిలి యుపయోగించును. కాల్చిన మట్టికుండను మూతి మాత్రము పైకి కనబడునట్లు మొక్కకు జానెడు దూరమున పాతి, నీరు నింపి, మూతపెట్టవలెను. కుండగోడలగుండా నీరు మెల్లమెల్లగా ఊఱి వేళ్లకు అందును. నేల తడిగా నున్నపుడు ఊట తగ్గును, ఎండినపుడు హెచ్చును. చైనాదేశమున రెండువేల యేండ్లకు పూర్వమే ఒక వ్యవసాయ గ్రంథమున ఈ పద్ధతి వర్ణింపబడినది. రంగు పూయని కుండయే కావలెను. రంగు పూసినచో రంధ్రములు మూసికొనును. స్థోమత గలవారు బొట్టుబొట్టుగా నీరిచ్చు సన్నగొట్టములు అమర్చుకొనవచ్చును, సూత్రమొక్కటే.

మేడలపై కుండీలు పెంచువారికి ఒక మాట. మట్టికుండీ గోడలనుండియు నీరు పోవును గనుక కుండీలను దూరదూరముగా గాక దగ్గఱదగ్గఱగా చేర్చి యుంచవలెను. చిన్న కుండీని పెద్దదానిలో నుంచి నడుమ ఇసుకపోసి తడిపిన చల్లగా నుండును.

మొక్కలు నాటుటకు తొలకరియే తగిన సమయము. జూను, జూలైలలో నాటిన మొక్కకు రెండు ఋతుపవనముల వానయు దొరకును. వేసవి వచ్చునప్పటికి వేళ్లు నిలద్రొక్కుకొనును. మార్చిలో నాటిన మొక్క పుట్టినదినమునుండి ఋణముతోనే బ్రదుకును.

9. వాననీటిని నిలుపుట

కప్పునీటిని గొట్టముద్వారా దింపి, మొదటి వాన మురికిని విడిచిపెట్టి, తరువాతి నీటిని మూతగల తొట్టిలో పట్టవలెను. తొట్టి నిండిన పిమ్మట నీరు ఇంకుడుగుంటకు పోవలెను. గుంట ఇంటి పునాదికి మూడు మీటర్లయినను దూరముగా నుండవలెను. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు, వానిపై కంకర, పైన ఇసుక నింపుదురు. ఇట్టి గుంటలో రాళ్ల సందులయందు ఒక్కమారు పట్టునది సుమారు 800 లీటర్లే. 50 మిల్లీమీటర్ల వానకు కప్పునుండి వచ్చునది దాదాపు 5000 లీటర్లు. కావున గుంటయొక్కటే చాలదు. పొర్లిన నీరు మొక్కల పాదులగుండా మెల్లగా పోవునట్లు కొద్దిపాటి పల్లములు తీర్చవలెను. తోట మొత్తమే ఇంకుడుగుంట కావలెను. నడకదారులను సిమెంటుతో గాక, సందులు విడిచి పఱచిన రాతిపలకలతో వేయుట ఇందుకొఱకే.

నిలువనీటికి తప్పక మూత యుండవలెను. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగులోగాక ఇండ్లలోని మంచినీటి గోలెములలోను, కుండీక్రింది పళ్లెములలోను పెరుగును. వారమున కొక్కసారి పళ్లెములను ఎండబెట్టవలెను.

10. పరదేశపు పద్ధతిని తెలిసి గ్రహించుట

అమెరికాలో డెన్వరు నగరపు జలశాఖవారు 1981లో ఇట్టి తోటలకు ‘జీరిస్కేప్’ అను పేరు కల్పించిరి. గ్రీకుభాషలో ‘జీరోస్’ అనగా పొడిది. వారి సూత్రములు మనకును పనికివచ్చును. వారి చిత్రపటములు పనికిరావు. డెన్వరులో కురియు వాన మనకు కురియు దానిలో సగమైనను లేదు. ఆ చిత్రములను చూచి పెరటినంతయు గులకరాళ్లతో నింపి, నడుమ నాలుగు నాగజెముళ్లను నిలిపినచో, వేసవిలో ఆ రాళ్లు రాత్రివఱకును వేడిని వెడలగ్రక్కును. వానకాలమున ఆ నాగజెముళ్లు కుళ్లును. మన తోట ఆఱు మాసముల తడిని, ఆఱు మాసముల పొడిని రెండింటిని ఓర్వవలెను. అట్టి ఓర్పు గల మొక్కలు మన కంబాలకొండ, సింహాచలము, యారాడ కొండలపైననే కలవు. ఎవరును నీరు పోయకయే ఆ కొండలు పచ్చగా నుండుటను గమనింపుడు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ నగరముపై విఱుచుకొని పడినపుడు వేలకొలది చెట్లు కూలెను. ఆ దినము మఱియొక పాఠము నేర్పినది. వేళ్లు చుట్టును సిమెంటుతో బిగింపబడిన చెట్టునకు పట్టు తక్కువ. పైపై నీటికి అలవాటుపడి లోతునకు వేరు పంపని చెట్టునకు పట్టు తక్కువ. నీటిని పొదుపుచేయు పద్ధతియే చెట్టును గాలికి నిలుపు పద్ధతి గూడ నగుట గమనింపదగినది. పెద్దచెట్లను ఇంటిగోడకు ఆనించి నాటరాదు. అక్టోబరునకు ముందే దట్టమైన కొమ్మలను తేలికపఱచవలెను.

అభ్యాసములు

(1) నిలువుగోడలు గల డబ్బాను ఆరుబయట నుంచి, జూను మొదలు నవంబరు వఱకు ప్రతి వానను కొలిచి పట్టిక వ్రాయుడు. మీ కప్పు వైశాల్యముతో హెచ్చవేసి ఎన్ని లీటర్లు పోయినవో లెక్కింపుడు. (2) రెండు సమానమైన కుండీలలో ఒకే మన్ను నింపి, ఒకే కొలత నీరు పోసి, ఒకదానిపై ఎండుటాకులు కప్పుడు. వారము దినములు తూచి ఏది యెంత తఱిగినదో వ్రాయుడు. (3) గన్నేరు, జిల్లేడు, కలబంద, మందారము ఆకులను కోసి నీడలో నుంచి ఏది మొదట వాడునో చూచి కారణము చెప్పుడు. జిల్లేడుపాలు కంటికి తగులకుండ జాగ్రత్తపడి వెంటనే చేతులు కడుగుకొనుడు. (4) మీ యింట దినమునకు తోటకు పోయు బిందెలెన్ని? వానిలో ఒక్కమారు వాడిన నీరెంత?

విద్యార్థులారా! పెద్ద జలాశయములు కట్టుట మన చేతిలోని పని కాదు. మన కప్పుపై పడిన నీటిని మన నేలకే అప్పగించుట, దాహము తక్కువగల మొక్కను ఎన్నుకొని సకాలమున నాటుట మన చేతిలోనివే. వచ్చు తొలకరికి ఒక్కొక్కరు ఒక్కొక్క పాదు సిద్ధపఱచుడు. వేసవిలో మీ తోట పచ్చగా నున్నపుడు, ఎదురింటివారి బిందెయు నిండియున్నచో ఆ తోట నిజముగా అందమైనది.